కోటు మడత

"ఆ రోజు ఏ వరసలో సర్దారో అదే వరసలో సర్దండి పిన్నిగారూ. ఆలోచించకండి. చెయ్యి ఎలా వెళ్తే అలా వెళ్ళనివ్వండి," అంది డిటెక్టివ్.

పెద్ద వకీలు గారి భార్య ఖాళీ కాన్వాసు సంచీని మంచం మీద నోరు తెరిచి పెట్టుకుంది. ఇలాంటివి ఆ ఇంట్లో రెండుండేవి. ఒకటి పదిరోజుల కిందట, మంగళవారం మధ్యాహ్నం, ఆయన చేతిలో గుమ్మం దాటింది. మర్నాడు పొద్దున ఏటి వంతెన మీద దొరికింది. ఆయన దొరకలేదు. రెండోది ఇది.

పెద్దావిడ సంచీ అడుగున తువ్వాలు పరిచింది. దాని మీద రెండు చొక్కాలు, ఒక ప్యాంటు. పక్కన గడ్డం గీసుకునే సామాను డబ్బా. తర్వాత ఆయన పాత నల్లకోటు అందుకుని ఒక్క క్షణం ఆగింది. బొత్తాలన్నీ పెట్టింది. చేతులు రెండూ వీపు వైపు మడిచింది. కాలరు నలగకుండా లోపల పాత పేపరు చుట్టి పెట్టింది. బొత్తాలు పైకి కనపడేలా నడుము దగ్గర ఒకే ఒక్క మడత వేసింది. దాని మీద తెల్ల మెడపట్టీ, కళ్ళజోడు పెట్టె. అన్నీ అయ్యాక సంచీ పక్కజేబులో చిన్న డబ్బా పెట్టి బొత్తాం నొక్కింది.

"అదేమిటి?"

"బీపీ మాత్రలు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పన్నెండేళ్ళలో ఒక్క పూట తప్పలేదు. తప్పనిస్తే కదా నేను!"

"కాగితాల కట్ట?"

"అది నేను ముట్టను. ఆఫీసు గదిలోంచి ఆయనే తెచ్చి పైన పెట్టుకుంటారు. ఆ రోజూ అంతే."

"బయల్దేరేటప్పుడు ఏమన్నారు?"

"ఏమంటారు, 'గొళ్ళెం పెట్టుకో' అన్నారు." పెద్దావిడ సంచీ మీద లేని దుమ్ము దులిపింది. "వెళ్ళొస్తానని అనలేదు. నలభై నాలుగేళ్ళలో ఆ గడప ఎన్ని వందల సార్లు దాటారో, ప్రతిసారీ అన్నారు. వెనక్కి పిలిచి అనిపిద్దామనుకున్నాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. లోపలికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి వీధి మలుపు కూడా దాటేశారు. పాలు కూడా దక్కలేదు."

డిటెక్టివ్ నోటుపుస్తకంలో టైము వేసుకుంది. రెండూ యాభై.

ఆమె యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున తగలబడిన దుకాణాలూ మునిగిన లారీలూ చూసి, ఏది ప్రమాదమో ఏది నాటకమో తేల్చింది. ఇప్పుడు సొంతంగా కేసులు తీసుకుంటోంది. కళ్ళజోడు అద్దాలు మందం. ఊళ్ళో అందరూ 'భూతద్దం' అంటారు. మొహం మీద అన్నా పలుకుతుంది.

పుస్తకంలో ఇప్పటిదాకా ఉన్నది ఇంతే. మంగళవారం ఒంటిగంటన్నరకి వకీలు గారు ఇల్లు వదిలారు. సెల్‌ఫోను బల్ల మీదే వదిలేశారు. రెండూ పది బస్సుకి నగరం వెళ్ళి, మర్నాడు పెద్ద కోర్టులో ఒక దానపత్రం అసలు ప్రతి దాఖలు చెయ్యాలి. ఆ బస్సు ఆయన ఎక్కలేదని కండక్టరు చెప్పాడు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదింపావు దాకా కుండపోతగా వాన. బుధవారం పొద్దున ఆరున్నరకి పాలమనిషి వంతెన పిట్టగోడ మీద సంచీ చూశాడు. కాగితాల కట్ట అందులో లేదు. ఇన్‌స్పెక్టర్ లెక్క ప్రకారం వకీలు గారు మంగళవారం మధ్యాహ్నమే ఏట్లో దూకేశారు. ఆ రిపోర్టు ఈ సాయంత్రం ఐదింటికి పైకి వెళ్ళిపోతుంది.

వెళ్తే పోయేది పెద్దాయన పరువొక్కటే కాదు. ఊరి నడిబొడ్డున ఉన్న కాన్పుల ఆసుపత్రి కూడా పోతుంది.

ఆ కథ ఊళ్ళో అందరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ళ కిందట ఇప్పటి మునిసిపల్ ఛైర్మన్ తండ్రి మీద హత్యకేసు పడితే, అది అబద్ధపు కేసని తేల్చి ఆయన్ని బయటికి తెచ్చింది పెద్ద వకీలు. ఫీజు ఎంతని అడిగితే, "ఫీజు వద్దు. బజారు వెనక ఖాళీగా పడున్న మీ స్థలం ఊరికి రాసివ్వండి. మా అక్క కాన్పుకని నగరం వెళ్తూ బండిలోనే పోయింది. ఇంకో ఆడపిల్ల అలా దారిలో పోకూడదు," అన్నాడు. ముసలాయన రాసిచ్చాడు. వకీలు ఇల్లిల్లూ తిరిగి ఆసుపత్రి కట్టించాడు. ఇప్పుడు ముసలాయన లేడు. ఆయన కొడుక్కి ఆ స్థలంలో దుకాణాల సముదాయం కావాలి. మునిసిపాలిటీలో ఉండాల్సిన నకలు చెదలు తిన్నాయన్నారు. రిజిస్ట్రారు పుస్తకంలో ఆ పేజీ చిరిగిపోయిందన్నారు. ఇక మిగిలింది వకీలు దగ్గరున్న అసలు ప్రతి ఒక్కటే. ఆయన సిగ్గుతో దూకాడని రాస్తే ఆ ప్రతి అసలు లేనట్టే లెక్క.

సరిగ్గా మూడింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చేతిలో సీలు వేసిన సంచీ, చంకలో ఫైలు.

"మూడన్నారు, మూడుకే వచ్చారు. ఈ కేసులో మీరు టైముకి చేసిన పని ఇదొక్కటే," అంది డిటెక్టివ్.

"మీరింకా ఇక్కడే ఉన్నారా భూతద్దం గారూ? పాపం, ఈ వయసులో పెద్దావిడకి లేనిపోని ఆశలు పెట్టకండి." ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచి పెద్దావిడ ముందుకి జరిపాడు. "అమ్మా, సంచీ అందిందని ఇక్కడ ఒక సంతకం. ఐదింటితో ఈ బాధ తీరిపోతుంది మీకు."

"ఎవరి బాధ?" అంది పెద్దావిడ.

"అది కాదమ్మా..."

"చూడకుండా సంతకం పెట్టడం ఈ ఇంట్లో అలవాటు లేదు నాయనా. ఆయన దగ్గర నలభై నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నది అదొక్కటే. సంచీ విప్పు."

ఇన్‌స్పెక్టర్ ముఖం కందగడ్డలా అయింది. అయినా సీలు తెంపాడు. ముగ్గురూ ఆఫీసు గదిలోకి నడిచారు. వీధి వైపు గది. మూడు గోడల నిండా లా పుస్తకాలు. గుమ్మం పక్కన ఎత్తు పీట మీద, ముప్పై ఒక్క ఏళ్ళుగా కూర్చుంటున్న చోటే, గుమాస్తా కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన బక్కపలచని మనిషి. పని లేకపోయినా ఈ పదిరోజులూ రోజూ వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని వెళ్తున్నాడు. ఆయన గొడుగు తలుపు కొక్కేనికి వేలాడుతోంది. సంచీని చూడగానే లేచి నిలబడ్డాడు.

డిటెక్టివ్ వకీలు గారి బల్ల మీద పాత పేపరు పరిచి సంచీలోవి ఒక్కొక్కటే బయట పెట్టింది. మంచం మీద సర్దిన రెండో సంచీ కూడా తెప్పించి, అందులోవి పక్కనే వరసగా పెట్టింది. తువ్వాలుకి తువ్వాలు. చొక్కాలకి చొక్కాలు. డబ్బాకి డబ్బా.

"బొమ్మలకొట్టు పెడుతున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కాస్త ఓపిక పట్టండి, బేరం మీతోనే." ఆమె దొరికిన సంచీ అడుగున ఉన్న అట్టముక్క బయటికి లాగింది. తిన్నగా ఉంది. దాని మీద సిరాతో రాసిన వకీలు గారి చిరునామా చీటీ. ఒక్క అక్షరం చెదరలేదు. "ఆయన ఎన్ని గంటలకి దూకారన్నారు?"

"మూడు ప్రాంతంలో. బస్సు వదిలేసి నేరుగా వంతెనకే వెళ్ళాడు."

"అంటే ఈ సంచీ మంగళవారం మూడు నుంచి బుధవారం ఆరున్నర దాకా పిట్టగోడ మీదే ఉంది. మధ్యలో రెండుంపావు గంటలు కుండపోత వాన. ఈ అట్ట ఉబ్బలేదు. సిరా కారలేదు. వాన మీ రిపోర్టు చదివి పక్కకి తప్పుకుందా?"

ఇన్‌స్పెక్టర్ అట్టని వేలితో తడిమి చూశాడు. "రాత్రంతా అక్కడక్కడే తచ్చాడి, వాన వెలిశాక దూకాడేమో. టైము మారుస్తాను. చావు మారదు."

"సరే, మార్చండి. ఇప్పుడు ఇది చూడండి." ఆమె దొరికిన సంచీ పక్కజేబు తిప్పి చూపించింది. ఖాళీ. "బీపీ మాత్రల డబ్బా లేదు. మీ ఫైల్లో రాసిన వస్తువుల జాబితాలోనూ లేదు. కాగితాలు ఎవరో తీశారనుకుందాం. మాత్రలు ఎవరికి కావాలి? చావడానికి వెళ్ళే మనిషి రాత్రి మాత్ర మర్చిపోకూడదని జేబులో వేసుకుని మరీ దూకుతాడా?"

పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపు కాదు. పదిరోజుల తర్వాత మొదటిసారి ఆవిడకి నవ్వొచ్చింది.

"చూడమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఆవిడ వైపు తిరిగి, గొంతు తగ్గించి. "నాకూ ఆయనంటే గౌరవమే. కానీ దానపత్రం అంటూ ఒకటుంటే ఇన్నేళ్ళలో ఒక్కరైనా చూసేవాళ్ళు. పెద్ద కోర్టు అసలు చూపించమంది. చూపించడానికి లేదు. ఊరికి ముఖం చూపించలేక..."

"మీ కూతురు ఎక్కడ పుట్టింది నాయనా?"

ఇన్‌స్పెక్టర్ ఫైలు ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"చెప్పు. ఆ ఆసుపత్రిలోనే కదా? అడ్డం తిరిగిన కాన్పు. తెల్లవారుజామున డాక్టరమ్మని ఇంటికెళ్ళి లేపుకొచ్చింది ఆయనే. ఆయన ముఖం చూపించలేడా ఊరికి? ఈ ఊళ్ళో సగం ముఖాలు లోకం చూసింది ఆయన కట్టిన గోడల మధ్య. ఈ వీధి కుళాయిల కోసం మునిసిపాలిటీని పదకొండేళ్ళు కోర్టుకీడ్చాడు. గెలిచిన రోజు ఆయనకి వచ్చిన ఫీజు ఒక బిందెడు నీళ్ళు. దూకాలనుకుంటే అప్పుడు దూకేవాడు, విసుగు పుట్టి. ఇప్పుడు, ఈ ఛైర్మన్‌కి భయపడి దూకుతాడా?"

డిటెక్టివ్ పక్క కుర్చీ వైపు తిరిగింది. దొరికిన సంచీలో అన్నిటికీ పైన ఉండగా ముందే తీసి అందులో పెట్టినది అందుకుంది. నల్లకోటు. బల్ల మీద పెట్టగానే పెద్దావిడ ముందుకి వంగింది.

"ఇది నా మడత కాదు."

కోటు తిరగేసి ఉంది. ఒక భుజాన్ని ఇంకో భుజంలోకి తోసి, చేతులు రెండూ లోపలికి పోగా, పట్టు అస్తరు పైకి కనపడేలా నిలువునా మడిచి ఉంది. నల్లగుడ్డ ఒక్క అంగుళం కూడా బయటికి లేదు.

"ఇప్పుడు కోటు మడత మీద కేసు నడుపుతారన్నమాట," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తగలబడిన గిడ్డంగిలో గుడ్డల మడత చూసి నేను ముగ్గురిని జైలుకి పంపాను. బాబాయ్ గారూ!" ఆమె గుమాస్తా వైపు తిరగకుండానే పిలిచింది. పెద్దావిడ సర్దిన పాత కోటు మడత విప్పి, దులిపి, వెనక్కి చాచింది. "బల్ల మీద చోటు చాలడం లేదు. ఇది కాస్త మడిచి ఇటివ్వండి."

"అలాగేనమ్మా," అన్నాడు గుమాస్తా. ఆయన చూపు ఇన్‌స్పెక్టర్ ఫైలు మీదే ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఎడమ చెయ్యి ఒక భుజంలోకి దూరింది. కోటు తిరగబడింది. రెండో భుజం మొదటి దానిలోకి పోయింది. అస్తరు పైకి వచ్చింది. నిలువునా ఒక మడత. అరచేత్తో రెండుసార్లు సాపు చేసి బల్ల మీద పెట్టాడు.

రెండు కోట్లూ పక్కపక్కన కవలపిల్లల్లా ఉన్నాయి.

గుమాస్తా తన చేతుల కేసి, అవి తనవి కానట్టు చూసుకున్నాడు.

"కోర్టు గుమాస్తాలందరూ ఇలాగే మడుస్తారు కదూ?" అంది డిటెక్టివ్. "సైకిలు వెనక పెట్టుకెళ్తే రోడ్డు దుమ్ము అస్తరు మీదే పడుతుంది, నల్లగుడ్డ మీద పడదు. ఈ గదిలో అలా మడిచే చెయ్యి మీదొక్కటే. సోమవారం తర్వాత వకీలు గారిని చూడలేదని నాకు చెప్పారు. మంగళవారం ఈ కోటు ఎక్కడ మడిచారు?"

గుమాస్తా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఆయన... నోరు విప్పొద్దన్నారమ్మా."

"ఎవరు?"

"అయ్యగారే."

పెద్దావిడ కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. "ఏమయ్యా! పదిరోజుల్నించీ నా ఎదురుగా కూర్చుని నా చేతి టీ తాగుతున్నావు. చెప్పు. ఇప్పుడే చెప్పు."

ఆయన చెప్పాడు. నిలబడే, సాక్షిబోనులో చెప్పినట్టు, టైముల్తో సహా చెప్పాడు.

వకీలు గారిని నెల్లాళ్ళుగా ఇద్దరు మనుషులు వెంటాడుతున్నారు. ఫోను కూడా వింటున్నారని ఆయన అనుమానం. మంగళవారం ఒంటిగంటా నలభైకి ఆయన సంచీతో కోర్టు ఆవరణలోకి వచ్చాడు. ఇక్కడి కోర్టుకి సెలవులు. వకీళ్ళ గదిలో గుమాస్తా తప్ప ఎవరూ లేరు. వెంటాడే ఇద్దరూ ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చున్నారు.

"సంచీలోంచి కోటు తీసి కుర్చీకి తగిలించారమ్మా. మా దగ్గర అదే గుర్తు. కుర్చీ మీద కోటుంటే వకీలు ఆవరణలోనే ఉన్నాడని అర్థం. ఎవరైనా ఎంతసేపైనా కూర్చుని ఎదురుచూస్తారు. కిటికీలోంచి కోటు కనపడుతూనే ఉంది. వాళ్ళు ఐదింటి దాకా టీలు తాగుతూనే ఉన్నారు. అయ్యగారు రెండింటికే వెనక గోడ వైపు నుంచి వెళ్ళి ఇటుకల లారీ ఎక్కేశారు. అసలు పత్రం చొక్కా లోపల, పొట్టకి కట్టుకున్నారు. మాత్రల డబ్బా జేబులో వేసుకున్నారు. 'ఇది మర్చిపోతే మా ఆవిడ చంపేస్తుంది' అన్నారు. కాగితాల కట్ట సంచీలోనే వదిలేశారు. అందులో ఉన్నది నకలే. అసలు ఒక చేతిలో, నకలు ఒక చేతిలో. ఆయన పద్ధతే అది. జూనియరుగా ఉన్నప్పుడు ఒక కట్ట మొత్తం బస్సులో పోగొట్టుకున్నారు, అప్పట్నించీ."

"తర్వాత?"

"ఐదున్నరకి నేను కోటు తీసి, మడిచి, సంచీలో పెట్టి, సంచీని అక్కడి బీరువాలో పెట్టి, గదికి తాళం వేసి ఇంటికెళ్ళాను. అప్పటికి వాన పడలేదు. మర్నాడు సంచీ వంతెన మీద దొరికిందన్నారు."

"అప్పుడైనా నాకు చెప్పొద్దా!" అంది పెద్దావిడ.

"పోయిన శుక్రవారం ఆయన చేతిరాతతో ఉత్తరం వచ్చిందమ్మగారూ. బుధవారం పోస్టు చేశారు. 'దాఖలు చేశాను. రసీదు ఇందులో పెడుతున్నాను. అసలు ఒక చోట, రసీదు ఒక చోట. నంబరు పడ్డాక శనివారం పొద్దుటి బస్సుకి వస్తాను. అప్పటిదాకా నోరు విప్పకు, ఇంట్లో కూడా.' అంతే రాశారు. ఒక్క రోజేగా అనుకున్నాను. శనివారం రాలేదు. ఆదివారమూ రాలేదు. రోజూ పొద్దుటి బస్సులకీ రాత్రి బస్సులకీ వెళ్ళాను."

"బస్టాండులో నీకేం పనని అడిగితే చుట్టమొస్తున్నాడన్నావు."

"ఏం చెప్పమంటారు? ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చెప్పింది చెప్పినట్టే చేశాను. వచ్చేదాకా అన్నారు. ఆయన ఇంకా రాలేదు."

పెద్దావిడ ఆయన్ని కొడుతుందేమో అనిపించింది. కొట్టలేదు. కుర్చీలో కూర్చుండిపోయి, "బుధవారానికి ఉన్నారన్నమాట," అంది. "బుధవారానికి ఉన్నారు."

"కథ బావుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తాళం మీ దగ్గర. బీరువా మీ చేతిలో. సంచీ వంతెన ఎక్కింది. ఇక నేను వెతకాల్సింది ఎవర్నంటారు?"

"ఆ గదికి రెండో తాళంచెవి ఉంటుంది కదా బాబాయ్ గారూ?" అంది డిటెక్టివ్. "సెలవుల్లో అది ఎక్కడుంటుంది?"

గుమాస్తా ముందు ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది.

"పోలీస్ స్టేషన్లో. గోడకి తగిలించి ఉంటుంది."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ కేసి చూసింది. ఆయన అద్దాల బీరువాలో పుస్తకాల పేర్లు చదువుతున్నాడు.

"సరే," అన్నాడు, చాలా మామూలుగా. "నోటిమాటలు నా ఫైల్లో ఎక్కవు. ఆ ఉత్తరం చూపించండి, రిపోర్టు ఆపేస్తాను. ఎక్కడుంది?"

"మా ఇంట్లో, ట్రంకుపెట్టెలో. ఆరు నిమిషాల నడక. ఇప్పుడే తెస్తాను."

"తెండి మరి. ఐదింటి దాకా టైముంది." అంటూ ఇన్‌స్పెక్టర్ సెల్‌ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. అప్పుడు మూడూ యాభై నాలుగు. ఆయన వీపు కనపడుతోంది, మాట వినపడటం లేదు. నాలుగు మాటలు మాట్లాడి ఉంటాడు. డిటెక్టివ్ టైము రాసుకుంది కానీ లేవలేదు.

"నేనూ వస్తాను పదండి," అంది గుమాస్తాతో, మెల్లిగా.

"మీరొస్తే ఈ సంచీకి కాపలా ఎవరమ్మా? ఆయన పట్టుకుపోతే మన దగ్గర అట్టా ఉండదు, కోటూ ఉండదు. నా వీధిలో నేను నడవడానికి నాకు తోడెందుకు?" పదిరోజుల్లో మొదటిసారి గుమాస్తా నిటారుగా నిలబడ్డాడు. "ఇన్నాళ్ళూ దొంగలా తిరిగాను. ఇప్పుడు మనిషిలా నడిచి వెళ్ళనివ్వండి."

"గొడుగు తీసుకెళ్ళు, ఎండగా ఉంది," అంది పెద్దావిడ.

"ఎంతసేపమ్మగారూ, ఇలా వెళ్ళి అలా వచ్చెయ్యనూ!" గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "వెళ్ళొస్తాను."

ఆవిడ ఆ మాట విన్నాకే తల ఊపింది.

డిటెక్టివ్ అప్పటికే నగరంలో జూనియరు లాయరుగా ఉన్న మేనకోడలికి ఫోను చేస్తోంది. "నాలుగున్నర లోపల పెద్ద కోర్టు దాఖలు సెక్షన్‌కి పరిగెత్తు. పోయిన వారం బుధవారం రిజిస్టరు చూడు. ఒక్క సంతకం కావాలి నాకు."

ముగ్గురూ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టర్ కాలు మీద కాలేసుకుని పేపరు తిరగేశాడు. తొందర పడలేదు, వెటకారం ఆడలేదు. ఆ నిమ్మళం డిటెక్టివ్‌కి నచ్చలేదు. నాలుగూ ఇరవై అయింది. పెద్దావిడ రెండుసార్లు లేచి వీధిలోకి చూసి వచ్చింది. బల్ల మీద విప్పిన బట్టలన్నీ ఒక్కొక్కటే తీసి, రెండో సంచీలో మళ్ళీ మొదటి వరసలో సర్దడం మొదలుపెట్టింది.

నాలుగూ ముప్పై ఎనిమిదికి డిటెక్టివ్ ఫోను మోగింది. ఆమె స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"అత్తా, ఉంది! బుధవారం పదకొండూ ఇరవై. దానపత్రం అసలు ప్రతి. ఛైర్మన్ తండ్రి సంతకం, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రారు సీలు, అన్నీ ఉన్నాయి. దాఖలు చేసినవారు అన్న చోట పెద్ద వకీలు గారి సంతకం, చక్కగా, ముత్యాల్లా. నంబరు పడింది. ఇక ఆ పత్రాన్ని ఎవరూ లేదనలేరు. కౌంటరులో కూర్చునే ఉద్యోగికి ఆయన బాగా గుర్తు. నంబరు కోసం శుక్రవారం వస్తానన్నారట. రాలేదట."

పెద్దావిడ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "ఆసుపత్రి నిలబడింది," అంది. "ఆ మనిషి అన్నంత పనీ చేశాడు."

డిటెక్టివ్ లేచి ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడింది. "మంగళవారం మధ్యాహ్నం మీరు ఏట్లో ముంచిన మనిషి బుధవారం పదకొండూ ఇరవైకి నగరంలో సంతకం పెట్టాడు. మీ రిపోర్టు చింపుతారా, నన్ను చింపమంటారా?"

ఇన్‌స్పెక్టర్ ఫైలు మూశాడు.

"ఇంకోటి కూడా వినండి. సంచీ వంతెన మీద కనపడింది బుధవారం ఆరున్నరకి. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. ఇంకా దాఖలు కూడా చెయ్యలేదు. బతికున్న మనిషి సంచీని చచ్చిపోయిన మనిషి సంచీలా ఎవరో ముందే వంతెన మీద పెట్టారు. అంటే ఆయన తిరిగి రాడని అప్పటికే వాళ్ళకి తెలుసు. ఆ గది తాళం తీసిన వాళ్ళకి తెలుసు."

"మాటలు జాగ్రత్త మేడమ్."

"నా మాటలు జాగ్రత్తగానే ఉన్నాయి, టైముల్తో సహా రాసి ఉన్నాయి. మూడూ యాభై నాలుగుకి మీరు ఫోను ఎవరికి చేశారు?"

ఆయన సంతకం అడగలేదు. సంచీ కూడా అడగలేదు. టోపీ పెట్టుకుని, గుమ్మం దాటి, వీధిలోకి దిగి వెళ్ళిపోయాడు. అప్పుడు గానీ డిటెక్టివ్ గోడ గడియారం వైపు తిరగలేదు. నాలుగూ నలభై నాలుగు. రానూ పోనూ పన్నెండు నిమిషాల పనికి వెళ్ళిన మనిషి బయల్దేరి నలభై ఎనిమిది నిమిషాలైంది. గుమాస్తా ఫోనుకి చేసింది. స్విచాఫ్.

ఆమె ఆ ఆరు నిమిషాల దారి మూడు నిమిషాల్లో పరిగెత్తింది. గుమాస్తా భార్య వాకిట్లో బట్టలు తీస్తోంది.

"వచ్చారుగా! నాలుగూ రెండుకి వచ్చారు. ట్రంకుపెట్టెలోంచి కవరు తీసుకున్నారు. నిలబడే మంచినీళ్ళు తాగారు. చాలా రోజుల తర్వాత నవ్వుతూ కనపడ్డారు. నాలుగూ ఏడుకి వెళ్ళిపోయారు. ఏం, అక్కడికి రాలేదా?"

డిటెక్టివ్ ఆ వీధిలో పదమూడు ఇళ్ళ తలుపులు తట్టింది. దుకాణాల వాళ్ళని అడిగింది. వీధి మలుపు దాకా చూసిన వాళ్ళున్నారు. మలుపు దాటాక చూసిన వాళ్ళు లేరు.

ఆమె తిరిగి వచ్చేసరికి పెద్దావిడ చెప్పులు వేసుకుని వరండాలో నిలబడి ఉంది. పక్కన సర్దిన సంచీ. మాత్రల డబ్బా పక్కజేబులో ఉంది. డిటెక్టివ్ ముఖం చూసింది. కొక్కేనికి వేలాడుతున్న గొడుగు తీసి చేత్తో పట్టుకుంది.

"ఆరూ నలభై బస్సు ఉంది కదూ? రసీదు వాళ్ళు చింపుకోనీ. రిజిస్టరు చింపలేరు. నేను వెళ్ళి ఆ సంతకం నా కళ్ళతో చూసి, నకలు తీసుకుని, ఆయన ఏ లాడ్జిలో దిగారో ప్రతి గుమ్మం ఎక్కి అడుగుతాను. ఈ సంచీ సర్దింది బల్ల మీద పెట్టి చూసుకోవడానికి కాదు."

"అక్కడ ప్రమాదం పిన్నిగారూ."

"ఇక్కడ మాత్రం లేదా అమ్మాయ్? పద. కోటు నా మడతే మడిచాను."

ఆరూ నలభై బస్సు ఇద్దరినీ ఎక్కించుకుని కదిలింది. కిటికీ పక్కన కూర్చుని డిటెక్టివ్ నోటుపుస్తకం తీసింది. అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

పెద్ద వకీలు. బుధవారం పదకొండూ ఇరవైకి సంతకం పెట్టి కోర్టు మెట్లు దిగారు. తిరిగి రాలేదు.

గుమాస్తా. శుక్రవారం, సాయంత్రం నాలుగూ ఏడు నిమిషాలకి ఉత్తరంతో ఇంట్లోంచి బయల్దేరారు. తిరిగి రాలేదు.